ఆపరేషన్ ముందు "ఊ" అనకండి, నోటితో చెప్పండి

ప్రశ్న: మాది వజ్రపుకొత్తూరు వైపు ఊరు. నాన్నకు 66 ఏళ్లు, జీడితోట చూసుకుంటారు. కుడివైపు గజ్జల్లో హెర్నియా ఉంది. వచ్చే వారం శ్రీకాకుళంలో ఆపరేషన్. షుగరు, బీపీ ఉన్నాయి. మూడేళ్ల క్రితం విశాఖలో గుండెకు స్టెంట్ వేశారు. నేను బెంగళూరులో ఉంటాను, ఆపరేషన్‌కి ముందు రోజు రాగలను. ఒక కాలికి చేయాల్సిన ఆపరేషన్ ఇంకో కాలికి చేశారని ఎక్కడో వార్త విని అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది. పొరపాటు జరగకుండా మా వైపు నుంచి ఏం చేయగలం?

జవాబు:

మీ అమ్మగారి భయాన్ని కొట్టిపారేయకండి. అలాంటివి అరుదుగానైనా జరుగుతాయి. నేను 31 ఏళ్లు ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేశాను, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్నాళ్లు సర్కారు ఆసుపత్రుల్లో, కొన్నాళ్లు ప్రైవేటులో. 2019లో మానేశాను. నా కళ్ల ముందు జరిగిన పొరపాట్లు, వెంట్రుకవాసిలో తప్పిపోయినవి గుర్తు చేసుకుంటే, ఎక్కువ భాగం థియేటర్లోకి వెళ్లకముందే మొదలైనవి. పేరు దగ్గర, వైపు దగ్గర, మందుల దగ్గర, సంతకం పెట్టే కాగితం దగ్గర. ఆ నాలుగు చోట్లా పేషెంటు నోరు తెరిచి చెబితే చాలావరకు అక్కడే ఆగిపోతాయి. కానీ మన పెద్దవాళ్లు చెప్పరు. "ఊ" అంటారు.

ముందు ఆ "ఊ" సంగతి చెప్పనివ్వండి.

విజయనగరం వైపు పైడితల్లి అమ్మవారి పేరు పెట్టుకోని ఇల్లు ఉండదు. ఏ వార్డులో చూసినా ఇద్దరు పైడిరాజులు, ఒక పైడమ్మ ఉంటారు. చాలా ఏళ్ల క్రితం నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో ఆ రోజు లిస్టులో ఏడు కేసులు. వార్డు బాయ్ వెళ్లి గుమ్మంలో నిలబడి "పైడిరాజు ఎవరు?" అన్నాడు. ఒక పెద్దాయన మంచం మీంచి లేచాడు. ట్రాలీ మీద తీసుకొచ్చారు. నేను ఫైలు చేతిలో పట్టుకుని "పైడిరాజేనా?" అన్నాను. "ఊ అమ్మా" అన్నాడు. "పొద్దున్నించి ఏం తినలేదు కదా?" "ఊ అమ్మా." "బుడ్డ (వరిబీజం) ఆపరేషనే కదా?" "ఊ అమ్మా." చేతికి సూది పెట్టడం కూడా అయిపోయింది. బల్ల ఎక్కించబోతుంటే ఆయనే మెల్లగా అడిగాడు: "అమ్మా, కాలి కట్టు విప్పరా మరి?" పంచె పైకి తీసి చూస్తే మోకాలి కింద ఇంత కట్టు. ఆయనకు చేయాల్సింది కాలిలో ఎప్పుడో వేసిన ప్లేటు తీసే ఆపరేషన్. బుడ్డ ఆపరేషన్ పైడిరాజు వార్డులో పక్క మంచం మీద కూర్చుని తన పిలుపు కోసం చూస్తున్నాడు. ఈయనకు చెవులు సరిగా వినపడవు. నేనడిగినవన్నీ "ఊ" అంటే సరిపోయే ప్రశ్నలు. ఆ తప్పు నాది. ఆ రోజు నుంచి రిటైరయ్యే వరకు ఏ పేషెంటునీ "నువ్వు ఫలానావాడివేనా" అని అడగలేదు. "నీ పేరు చెప్పు, ఇంటిపేరు చెప్పు, ఏ ఊరు, దేనికి ఆపరేషన్" అనే అడిగాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో శస్త్రచికిత్స భద్రతకు ఒక చెక్‌లిస్టు ఇచ్చింది. ఒక్క పేజీ, 19 అంశాలు. మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, పేషెంటును థియేటర్ నుంచి బయటికి పంపే ముందు కొన్ని పైకి చదివి సరిచూసుకోవాలి. ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని అమలు చేసి చూశారు, అందులో మన ఢిల్లీ ఒకటి. 2009లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆపరేషన్ తర్వాత మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, పెద్ద ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయి. ఆ 19లో మొట్టమొదటి అంశం ఏమిటంటే, తానెవరో, ఎక్కడ ఆపరేషన్, ఏ ఆపరేషన్, దానికి ఒప్పుకున్నానా లేదా అనేది పేషెంటే స్వయంగా చెప్పడం. అంటే మీ నాన్నగారు నోరు తెరవడం వాళ్ల మీద అనుమానపడటం కాదు, వాళ్ల పనిలో మొదటి మెట్టు. సర్జన్ గారిని కలిసినప్పుడు "సార్, ఇక్కడ సర్జరీ చెక్‌లిస్టు చదువుతారా?" అని మామూలుగా అడగండి. చదివేవాళ్లు సంతోషంగా చెబుతారు. చిరాకు పడితే అది కూడా మీకు పనికొచ్చే జవాబే.

ఇక వైపు సంగతి. హెర్నియా విషయంలో ఇది మరీ ముఖ్యం. ఎందుకో చెబుతాను. నిలబడితే, దగ్గితే, బరువెత్తితే ఉబ్బు బయటికి వస్తుంది. పడుకోగానే చాలామందిలో లోపలికి జారిపోతుంది. అంటే బల్ల మీద వెల్లకిలా పడుకున్న మనిషికి రెండు గజ్జలూ ఒకేలా కనిపిస్తాయి. అప్పుడు డాక్టరుకు దిక్కు కాగితమే. కాగితం తప్పయితే?

ఒకసారి సరిగ్గా ఇదే జరిగింది. ఓపీ చీటీలో కుడి అని ఉంది, అంగీకార పత్రంలో ఎడమ అని రాసి ఉంది. రాసిన కుర్ర డాక్టరు పేషెంటుకు ఎదురుగా నిలబడి తన కుడి ఎడమలే లెక్కపెట్టుకున్నాడో ఏమో. పేషెంటు అప్పటికే బల్ల మీద ఉన్నాడు, ఇంకా మత్తు ఇవ్వలేదు. మా సర్జన్ గారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసి, ఒక్క మాట మాట్లాడకుండా ఆ మనిషిని బల్ల మీంచి దింపించారు. గౌను పట్టుకుని నిలబడమన్నారు. "దగ్గు" అన్నారు. రెండుసార్లు దగ్గగానే కుడివైపు నిమ్మకాయంత ఉబ్బు బయటికి వచ్చింది. నన్ను మార్కర్ అడిగి తన చేత్తోనే అక్కడ బాణం గుర్తు వేసి, "ఇప్పుడు పడుకో బాబూ" అన్నారు. అంతా కలిపి మూడు నిమిషాలు పట్టిందేమో. ఆయన మీద నాకు అప్పటి గౌరవం ఇప్పటికీ ఉంది.

మీరు చేయాల్సింది ఇది. ఆపరేషన్ రోజు పొద్దున, నాన్నగారు ఇంకా వార్డులో ఉండగానే, ఆపరేషన్ చేసే డాక్టరు గానీ ఆ టీములో డాక్టరు గానీ వచ్చి, నాన్నగారిని నిలబెట్టి దగ్గించి చూసి, కుడివైపు మార్కర్‌తో గుర్తు వేయాలి. వాళ్లంతట వాళ్లు వేయకపోతే "సార్, గుర్తు వేయరా?" అని అడగండి. మీరే పెన్నుతో ఏదో గీయకండి, రెండో వైపు "ఇక్కడ వద్దు" అని ఇంటూ గుర్తు అసలే పెట్టకండి. ఆ గుర్తును "ఇక్కడే" అని చదివే ప్రమాదం ఉంది. వేసిన గుర్తు స్నానంలో చెరిగిపోతే మళ్లీ వేయించండి.

కుడి, ఎడమ అనే మాటల దగ్గర కొందరు పెద్దవాళ్లు కంగారులో తడబడతారు. దానికి నేను వాడిన ఉపాయం "అన్నం తినే చేతి వైపు". అది ఎవరూ మర్చిపోరు. నాన్నగారిని మాట చెప్పి, దాంతోపాటు ఆ చోట చెయ్యి పెట్టి చూపించమనండి. హెర్నియాకు సాధారణంగా నడుము దగ్గర సూదితో మత్తు ఇస్తారు కాబట్టి మెలకువగానే ఉంటారు. కోత పెట్టే ముందు లోపల అందరూ ఆగి పేరు, వైపు చదివేటప్పుడు తేడాగా వినిపిస్తే అక్కడ కూడా మాట్లాడవచ్చు. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పి ఉంచండి. బల్ల మీద మాట్లాడకూడదని చాలామంది అనుకుంటారు.

మందుల దగ్గరికి వస్తే, మీ కేసులో నాకు అన్నిటికన్నా తొందరగా కనిపిస్తున్నది స్టెంట్. ఆపరేషన్ వచ్చే వారమే అంటున్నారు. స్టెంట్ వేసినవాళ్లు రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్ గానీ, క్లోపిడోగ్రెల్ గానీ, రెండూ గానీ వాడుతుంటారు. క్లోపిడోగ్రెల్ ఆపాల్సి వస్తే 5 నుంచి 7 రోజుల ముందే ఆపాలి. ఆపకుండా వెళితే రక్తస్రావం ఎక్కువవుతుంది, నడుముకు మత్తు సూది ఇవ్వడం కూడా ప్రమాదమే. వెన్నుపాము దగ్గర రక్తం గడ్డ కట్టవచ్చు. అలాగని ఎవరినీ అడగకుండా ఇంట్లోనే ఆపేస్తే స్టెంట్ మూసుకుపోయి గుండెపోటు రావచ్చు. ఆస్పిరిన్ అయితే చాలాసార్లు ఆపకుండానే ఆపరేషన్ చేస్తారు. ఏది ఆపాలి, ఎప్పుడు ఆపాలి, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది విశాఖలో స్టెంట్ వేసిన డాక్టరు, ఇక్కడి సర్జన్, మత్తు డాక్టరు కలిసి తేల్చాలి. ఇది ఇవాళే అడగండి, కాగితం మీద రాయించుకోండి. ఫోన్లో చెప్పిన మాట ఆపరేషన్ రోజు ఎవరికీ గుర్తుండదు. దీనివల్ల ఆపరేషన్ వారం వాయిదా పడినా కంగారు పడకండి. నొప్పి, వాంతులు లేకుండా, నొక్కితే లోపలికి పోయే హెర్నియా అయితే వారం ఆగుతుంది. అదే ఉబ్బు లోపలికి పోకుండా గట్టిపడి, నొప్పి పుట్టి, వాంతులైతే మాత్రం ఏ వాయిదా లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

షుగరు మాత్రలు ఆ రోజు పొద్దున వేసుకోవాలా వద్దా అన్నదీ అడగాలి. డాపాగ్లిఫ్లోజిన్ లాంటి రకాన్ని మూడు రోజుల ముందే ఆపమంటారు. బీపీ మాత్రల్లో కొన్ని ఒక గుక్క నీళ్లతో వేసుకోమంటారు, కొన్ని మానమంటారు. ఇక్కడ "తెల్ల మాత్ర, గుండ్రంగా ఉంటుంది" అంటే ఎవరికీ ఉపయోగం లేదు. ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ, సగం అయిపోయినవి కూడా, ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. అందులో ఊళ్లో ఆర్‌ఎంపీ గారిచ్చిన నొప్పి మాత్రలు, మోకాళ్లకు వాడే నాటు మందు, ఆకు పసరు, చూర్ణం కూడా ఉండాలి. పెద్దవాళ్లు వాటిని మందులుగా లెక్కపెట్టరు. "ఇంకేం వాడుతున్నారు?" అంటే "ఏటీ లేదు బావూ" అంటారు.

నొప్పి మాత్రల గురించి గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీది ఉద్దానం. కిడ్నీ జబ్బు మీ మండలాలను ఎలా పీడిస్తోందో మీకు నేను చెప్పక్కర్లేదు. అది చాలా దూరం ముదిరేదాకా బయటికి కనిపించదు, మనిషి తోటలో పని చేసుకుంటూనే ఉంటాడు. కాబట్టి కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష ఈ మధ్యదే ఉండాలి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది కదా, నాన్నగారు ఎప్పుడైనా అక్కడ గానీ, ఊళ్లో పెట్టిన క్యాంపులో గానీ పరీక్ష చేయించుకుని ఉంటే ఆ కాగితం కూడా పట్టుకెళ్లండి. "మాది ఉద్దానం, ఈయన కిడ్నీ చూసి నొప్పి మందు ఇవ్వండి" అన్న ముక్క సర్జన్‌కీ, మత్తు డాక్టరుకీ, రాత్రి డ్యూటీ సిస్టర్‌కీ, ముగ్గురికీ విడివిడిగా చెప్పండి. ఆపరేషన్ రోజు రాత్రి "నొప్పి" అనగానే మామూలుగా పడే ఇంజక్షన్ డైక్లోఫెనాక్. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లకు అది చేటు. వేరే నొప్పి మందులు ఉన్నాయి, ముందే తెలిస్తే అవే రాస్తారు.

మత్తు డాక్టరును ఆపరేషన్‌కి ముందే కలవాలి. చిన్న ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు ఇంకో చోట కేసు ముగించుకుని నేరుగా థియేటర్లోకి వస్తారు, పేషెంటును మొదటిసారి బల్ల మీదే చూస్తారు. ఇది నాకు ఎప్పుడూ నచ్చలేదు. గుండెకు స్టెంట్ ఉన్న 66 ఏళ్ల మనిషిని కనీసం ముందు రోజైనా ఆయన చూడాలి. మీరు అడగండి, ఇందులో మొహమాటపడకండి. ఆయనతో మాట్లాడేటప్పుడు మీరూ, అమ్మగారూ కాసేపు బయటికి వెళ్లండి. చుట్ట ఎన్ని కాలుస్తారు, కల్లో సారాయో ఎంత తాగుతారు అన్నది కొడుకు ముందు, భార్య ముందు నిజం చెప్పేవాళ్లు తక్కువ. మన తీరం వెంబడి కొందరు ఆడవాళ్లు చుట్ట మండే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. అడిగితే సిగ్గుపడి లేదంటారు. మత్తు ఇచ్చేవాళ్లకు ఆ నిజం తెలియాలి. కదిలే పళ్లు, పెట్టుడు పళ్లు, గతంలో ఏ మందుకైనా దద్దుర్లు రావడం, ఊపిరి ఆడకపోవడం, ఇంట్లో ఎవరికైనా మత్తు పడకపోవడం, ఇవన్నీ అక్కడే చెప్పాలి. మందు పడకపోతే దాని పేరు ఫైలు అట్ట మీద ఎర్ర ఇంకుతో రాయించండి.

ఉపవాసం దగ్గర మన ఇళ్లలో జాలి పనిచేస్తుంది. "ముసలాయన, షుగరు మనిషి, నీరసపడిపోతాడు" అని ఎవరో ఒకరు చాటుగా ఏదో పట్టిస్తారు. ఒక కేసులో చోడి (రాగి) అంబలి ఇచ్చారు, "నీళ్లలాంటిదే కదా" అని. అంబలి ఆహారమే. గంజి, తరవాణి, పాలు కలిపిన టీ కూడా అంతే. మామూలు లెక్క ఏమిటంటే తేలికపాటి ఆహారానికి, పాలకు ఆరు గంటలు, మాంసం, నూనె వంటలకు ఇంకా ఎక్కువ, ఉత్త మంచినీళ్లకు రెండు గంటలు. అయినా మీకు మత్తు డాక్టరు చెప్పిన గంటలే లెక్క. ఆ అంబలి తాగినాయన మత్తులో వాంతి చేసుకుని, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, తొమ్మిది రోజులు ఐసీయూలో ఉన్నాడు. పొరపాటున ఏదైనా తాగేసి ఉంటే దాచకండి, ఆపరేషన్ కొన్ని గంటలు ఆలస్యమవుతుంది, అంతే. షుగరు మనిషి కాబట్టి లిస్టులో మొదటి కేసుగా పెట్టమని అడగండి. మధ్యాహ్నం దాకా ఆలస్యమైతే షుగరు చూడమని మీరే గుర్తు చేయండి. చెమటలు, వణుకు వస్తే వెంటనే సిస్టర్‌కు చెప్పాలి.

ఆ చోట వెంట్రుకలు తీయడానికి ముందు రోజు మంగలిని పిలిపించడం, ఇంట్లో బ్లేడుతో గీయడం మన ఊళ్లలో ఉంది. అది చేయకండి. బ్లేడు గాట్లలోంచి ఇన్ఫెక్షన్ వస్తుంది, హెర్నియాకు లోపల మెష్ (వలలాంటి జాలీ) పెడతారు కాబట్టి ఇన్ఫెక్షన్ పట్టిందంటే వదిలించుకోవడం చాలా కష్టం. అవసరమైతే ఆసుపత్రిలోనే క్లిప్పర్‌తో తీస్తారు. ముందు రోజు రాత్రి, ఆ రోజు పొద్దున సబ్బుతో శుభ్రంగా స్నానం చేస్తే చాలు. వెండి మొలతాడు, తాయెత్తు తీసేయాలి. సరిగ్గా కోత పెట్టే చోటికి దగ్గరగా ఉంటాయవి, రక్తం ఆపడానికి వాడే కరెంటు పరికరం వల్ల లోహం తగిలిన చోట కాలే ప్రమాదం ఉంది. మొలతాడు తీయడం అశుభమని అమ్మగారు బాధపడితే, థియేటర్ గుమ్మం దగ్గర తీసి ఆవిడ చేతిలోనే పెట్టండి, బయటికి రాగానే ఆవిడే కట్టవచ్చు. నేను ఎంతోమందికి అలాగే చేయించాను.

సంతకం విషయం. నాన్నగారు స్పృహలో ఉన్న, తెలివిగల మనిషి. ఆయన ఒంటికి ఆపరేషన్. అంగీకారం ఆయనది ఉండాలి. మీ సంతకం పక్కన ఉంటే ఉండనివ్వండి, ఆయన బదులు మాత్రం కాదు. ఫారం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చదివి చెప్పమనండి. ఆపరేషన్ పేరు దగ్గర "కుడి" అని పూర్తి అక్షరాలతో రాసి ఉందా, ఖాళీలు ఏమైనా ఉన్నాయా చూడండి. ఖాళీ ఫారం మీద వేలిముద్ర వేయనివ్వకండి. పరీక్ష కోసమని సంతకం తీసుకుని, పేషెంటు మత్తులో ఉండగా గర్భసంచి తీసేసిన కేసులో సుప్రీంకోర్టు 2008లో స్పష్టంగా చెప్పింది: ఒకదానికి ఇచ్చిన అంగీకారం ఇంకోదానికి చెల్లదు, ప్రాణాపాయం తప్పించడానికి అప్పటికప్పుడు చేయాల్సి వస్తే తప్ప. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయిస్తుంటే ఆరోగ్యమిత్ర దగ్గర ఉన్న కాగితంలో కూడా ఏ ఆపరేషన్, ఏ వైపు అని రాసి ఉందో చూపించమనండి. ఓపీ చీటీ, స్కానింగ్ రిపోర్టు, అంగీకార పత్రం, ఈ కాగితం, అన్నిట్లోనూ ఒకే వైపు ఉండాలి. ఒక్కదాంట్లో తేడా ఉన్నా అది సరిచేసేదాకా ట్రాలీ కదలనివ్వకండి. చేతికి కట్టే పట్టీ మీద పేరు, ఇంటిపేరు, వయసు, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరు చదివి చూసుకోండి.

ఇక్కడ ఒక మాట. మీరు చేయగలిగినవి ఇవి. థియేటర్లో గుడ్డలు, సూదులు లెక్కపెట్టడం, పనిముట్లు శుభ్రం చేయడం, కోతకు ముందు గంటలోపు యాంటీబయాటిక్ ఇవ్వడం మా పని, వాటి బాధ్యత పూర్తిగా మాది. పొరపాటు జరిగితే "మేం అడగలేదు కాబట్టే జరిగింది" అని ఏ కుటుంబమూ కుమిలిపోకూడదు. అలా కుమిలిపోయినవాళ్లను చూశాను, అందుకే రాస్తున్నాను.

ఆపరేషన్ అయ్యాక పక్కన ఎవరుంటారన్నది ఇప్పుడే అనుకోండి. అమ్మగారు ప్రేమగా చూసుకుంటారు, కానీ రాత్రి రెండింటికి సిస్టర్‌ను లేపి "ఇదేం ఇంజక్షన్ అమ్మా?" అని అడగగలరా? లేకపోతే మీరుండండి, లేదా నిద్రకు ఆగే బావమరిదినో, చెల్లెలినో పెట్టండి. చేతికి ఎక్కించే ప్రతి మందుకూ పేరు అడగండి, ఒక చిన్న నోటు పుస్తకంలో టైముతో సహా రాసుకోండి. ఎవరైనా చేతులు కడుక్కోకుండా కట్టు విప్పబోతే "సిస్టర్, ఒక్కసారి చేతులు..." అని మర్యాదగా అనండి. నాతో అలా అన్నవాళ్లున్నారు. కోపం రాలేదు, ఆ పూట హడావుడిలో నిజంగానే మర్చిపోయాను. ఊరి నుంచి ఆటోల్లో వచ్చే చుట్టాలను మంచం మీద కూర్చోనివ్వకండి, పరామర్శలు ఇంటికొచ్చాక పెట్టుకోమనండి.

ఆ సాయంత్రం గమనించాల్సింది మూత్రం. నడుముకు మత్తు తీసుకున్న పెద్ద వయసు మగవాళ్లకు చాలాసార్లు మూత్రం ఆగిపోతుంది. పొట్ట కింద ఉబ్బి, అటూ ఇటూ పొర్లుతుంటారు, అడిగితే నొప్పి అంటారు, దానికి నొప్పి ఇంజక్షన్ పడుతుంది. ఎన్ని గంటలకు మూత్రం పోశారో మీ పుస్తకంలో ఉండాలి. గుండెలో నొప్పి, ఆయాసం, పిక్కలో నొప్పితో వాపు, కట్టు తడిసేంత రక్తం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి.

డిశ్చార్జి రోజు అందరికీ ఇంటికి వెళ్లే తొందర. ఆ తొందరలోనే గుండె మాత్ర మళ్లీ మొదలుపెట్టడం మర్చిపోతారు. డిశ్చార్జి కాగితంలో ఆ మాత్ర పేరు, మొదలుపెట్టే తేదీ ఉంటేనే కదలండి. మెష్ పెట్టె మీద ఉండే స్టిక్కరు ఫైల్లో అంటించమనండి. ఆసుపత్రి రికార్డుల నకళ్లు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లో ఉంది, అడగడానికి వెనకాడకండి. ఇంటికెళ్లాక జ్వరం, కోత దగ్గర ఎర్రబడటం, చీము, పొట్ట ఉబ్బరం, వాంతులు వస్తే ఊళ్లో ఇంజక్షన్ వేయించుకుని చూద్దామనుకోకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లండి. రాత్రిపూట మీ ఊరి నుంచి శ్రీకాకుళం చేరడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. వీలైతే మొదటి రెండు మూడు రోజులు టౌన్లోనే చుట్టాలింట్లో ఉంచండి.

మీరు ముందు రోజుకే వస్తానన్నారు. అప్పటిదాకా రోజూ ఫోన్ చేస్తారు కదా, భోజనం, మందులు అడిగాక ఇంకో పని చేయండి. మీరు నర్సు అయినట్టు "మీ పేరేంటి?" అని అడగండి. "ఊ" అంటే ఒప్పుకోకండి. ఇంటిపేరుతో పేరు, ఊరు, "అన్నం తినే చేతి వైపు గజ్జల్లో హెర్నియా, గుండెకు స్టెంట్ ఉంది, ఈ మందు పడదు" అని మొత్తం ఆయన నోటితో చెప్పించండి. మొదటి రోజు సిగ్గుపడతారు. నాలుగో రోజుకు మీరు అడగకముందే చెబుతారు. స్టెంట్ మాత్రల గురించి అడగడం మాత్రం అప్పటిదాకా వాయిదా వేయకండి, ఈ పూటే విశాఖ డాక్టరుగారికి ఫోన్ చేయండి.